నోట్‌ప్యాడ్ మహిమ

ఆ రోజు పొద్దున ఆఫీసుకు వస్తూ కొత్తావిడ ఒకే ఒక్క పని పెట్టుకుంది. తన కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ రాసుకునే సాఫ్ట్‌వేర్ ఏదీ లేదని మేనేజర్‌కి చెప్పాలి. అవన్నీ ఎక్కించాల్సిన సిస్టమ్స్ ఆయన సెలవులో ఉన్నాడు. ఆరేళ్లు పిల్లలతో గడిపి మళ్లీ ఉద్యోగంలో చేరి ఆవిడకిది మూడో రోజు. నెల రోజులు పని చూసి, ఉంచుకోవాలో వద్దో తేలుస్తామన్నారు. అందుకే ఎలా అడగాలో బస్సులో రెండుసార్లు వల్లె వేసుకుంది.

తీరా వెళ్తే మేనేజర్ ఫోన్‌లో చివాట్లు తింటున్నాడు. ఆ కంపెనీ ఆసుపత్రుల్లో టోకెన్ నంబర్లు పిలిచే ప్రోగ్రాములు రాస్తుంది. ఒకచోట తొంభై తొమ్మిది దాటగానే బోర్డు మళ్లీ ఒకటి నుంచి మొదలెడుతోందట. నూరో నంబరు వాళ్లు సాయంత్రం దాకా కూర్చుని ఇంటికెళ్లిపోతున్నారట.

ఊరికే కూర్చోవడమెందుకని ఆవిడ ఆ ప్రోగ్రామ్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచింది. ప్రతి కంప్యూటర్లోనూ ముందే ఉండే, రంగులూ సూచనలూ లేని ఒట్టి తెల్ల పేజీ. మొదటి నుంచి చివరి దాకా చదివి, ఒకచోట రెండంకెలని ఉన్నదాన్ని మూడుగా మార్చింది. అరగంట పట్టింది.

వెనక నుంచి ఎవరో తొంగి చూశారు. మూడు తెరలాయన. బల్ల మీద మూడు తెరలూ, టకటకలాడే కీబోర్డూ పెట్టుకుని, అదే తప్పు కోసం వారంగా వెతుకుతున్న సీనియర్.

"నోట్‌ప్యాడ్‌లో చేశారా?"

"ప్రస్తుతానికి ఇదే సరిపోతోందండీ" అంది ఆవిడ మొహమాటంగా.

ఆయనకది వేదాంతంలా వినిపించింది. మధ్యాహ్నానికల్లా సంగతి కాఫీ మెషీన్ దగ్గరికి చేరింది. ఆవిడ మౌస్ ముట్టదని ఒకరన్నారు. కళ్లు మూసుకుని రాస్తుందని ఇంకొకరన్నారు. మూడింటికి మేనేజర్ అందరినీ పిలిచి, ఆవిడకు చప్పట్లు కొట్టించాడు.

"టూల్స్ మనల్ని సోమరుల్ని చేశాయి. రేపట్నించి అందరూ నోట్‌ప్యాడే!"

ఆవిడ సాయంత్రం అక్కకు ఫోన్ చేసి లబోదిబోమంది.

"ఉన్న మాట చెప్పెయ్యవే" అంది అక్క.

"ఇప్పుడు చెబితే మేనేజర్ తల ఎక్కడ పెట్టుకుంటాడే?"

"నీ ఉద్యోగం సంగతి చూసుకో, ఆయన తల ఆయన చూసుకుంటాడు."

మర్నాడు ఆఫీసు పరీక్ష హాల్లా నిశ్శబ్దంగా ఉంది. మూడు తెరలాయన రెండు తెరలు ఆర్పేసి, భక్తిగా నోట్‌ప్యాడ్ తెరిచి, ఇంకో ఆసుపత్రి ప్రోగ్రామ్‌లో ఒక మాట మార్చాడు. అందులో ఒక అక్షరం ఎగిరిపోయింది. ఎర్రగీత పెట్టి హెచ్చరించే సాఫ్ట్‌వేర్‌ని పొద్దున్నే తీసిపారేశాడు కనక అది ఎవరికీ కనపడలేదు.

పదకొండింటికి ఫోన్ మోగింది. బోర్డు పద్నాలుగు దగ్గరే ఆగిపోయింది. పద్నాలుగో నంబరు పెద్దాయన్ని మూడుసార్లు లోపలికి పిలిచి మూడుసార్లు బీపీ చూశారు. ప్రతిసారీ పెరుగుతోందట.

ఇక ఆవిడ ఆగలేకపోయింది. "నాకు నోట్‌ప్యాడ్ మీద ప్రేమేం లేదండీ. నా కంప్యూటర్‌లో అదొక్కటే ఉంది."

మేనేజర్ ముఖం పాలిపోయింది. "మరి నిన్ననే చెప్పొద్దామ్మా?"

"చెబుదామనే వచ్చానండీ. మీరు చప్పట్లు కొట్టించారు."

సిస్టమ్స్ ఆయన్ని సెలవులోంచి లాక్కొచ్చారు. గంటలో ఆవిడ కంప్యూటర్‌లో కావలసినవన్నీ ఎక్కాయి. ఆవిడ ఆ ఆసుపత్రి ప్రోగ్రామ్ తెరిచి, మొదటి నుంచి చివరి దాకా చదివి, ఎగిరిపోయిన అక్షరాన్ని చేర్చింది. అరగంట పట్టింది. పెద్దాయన ఇంటికెళ్లాడు.

"చూశారా?" అన్నాడు మూడు తెరలాయన గెలిచినంత సంబరంగా. "సరైన టూల్ ఉంటే ఎవరైనా చేస్తారు!"

మేనేజర్ డైరీ తెరిచాడు. "నెల రోజులు ఎందుకమ్మా, నీ ఉద్యోగం ఖాయం. నువ్వు వాడేదేంటో చెప్పు, అందరికీ అదే ఇస్తాను."

"ప్రత్యేకంగా ఏం లేదండీ. ముందు మొత్తం ఒకసారి చదువుతాను."

మేనేజర్ రాసుకుని, సిస్టమ్స్ ఆయన వైపు తిరిగాడు. "అది కూడా అందరికీ ఎక్కించెయ్."

దానికి లైసెన్స్ కావాలేమో కనుక్కుంటానన్నాడు సిస్టమ్స్ ఆయన.