రెండు పేటల తాడు

ఏడు గంటల ఆటోకి అమలాపురం వెళ్ళి, రిపోర్టు తీసుకుని, ఎసరు పెట్టే వేళకి ముమ్మిడివరం వచ్చేయాలని లక్ష్మీతులసి అనుకుంది. మూడేళ్ళ కొడుకు వీరేంద్ర నడుస్తూ నడుస్తూ కూలబడిపోతున్నాడు. పరీక్ష చేస్తే ఒకే జన్యువులో రెండు లోపాలు కనబడ్డాయి.

ఆసుపత్రిలో గాయత్రి మేడమ్ కొబ్బరి తాడు చూపించి మరీ చెప్పింది. జన్యువంటే రెండు పేటల తాడు. ఒక పేట తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. చివికిన చోట్లు రెండూ ఒకే పేట మీదుంటే రెండో పేట బరువు మోస్తుంది. చెరో పేట మీదా ఒక్కోటి ఉంటే తాడు తెగుతుంది. మిషను చదివేది చిన్న చిన్న ముక్కలే. అందుకని ఒకే పేట నుంచి వచ్చిన పొడుగు పోగులో ముక్కలన్నిటికీ, సబ్బుపెట్టె మీది బార్‌కోడ్ గీతల్లాంటి గుర్తు ఒకటే వేస్తారు. చదివాక ఒకే గుర్తువి ఒకచోట చేరిస్తే, ఏ లోపం ఏ పేటదో తేలుతుంది.

తల్లిదండ్రుల రక్తం కూడా ఇస్తే ఇంకా సులువుగా తేలేదే. తప్పు తమ వంశం మీదకి తోస్తారని, తన కొడుకు చేత గానీ కోడలి చేత గానీ చుక్క కూడా ఇప్పించనంది అత్తగారు సత్తెమ్మ. తులసి చాటుగా పిల్లాడి రక్తం ఒక్కటీ ఇచ్చి వచ్చింది. అప్పటినుంచి ఆమె మొక్కు ఒకటే: రెండూ ఒక్క పేట మీదే ఉండాలి, ఆ పేట తనదైనా సరే.

ఎక్కడికని అత్తగారు అడిగితే, పిల్లాడి ఆధార్‌లో పేరు దిద్దించడానికంది.

"నా పుట్టిన తేదీ కూడా తప్పే పడిందే. పద, నేనూ వస్తాను," అని సత్తెమ్మ చీర మార్చుకుంది.

తులసి పెరట్లోకి వెళ్ళింది. ఆధార్ కేంద్రంలో అత్తగారికి తోడు కూర్చోమని సఖినేటిపల్లిలో ఉన్న తండ్రికి ఫోన్ చేసి, తాను ఆసుపత్రికి వెళ్ళాలని గొణిగింది. గోవిందరాజులు ఆ గొంతులో వణుకు విని, కూతుర్ని కొట్టేరనుకుని, తగువులు తీర్చే బంగారయ్యని వెంటబెట్టుకుని అమలాపురంలో దిగేడు. ఆధార్ కేంద్రంలో అందరి ముందూ, కూతురికి ఆసుపత్రి ఎందుకు కావలసి వచ్చిందని సత్తెమ్మనే నిలదీశాడు. గుట్టు కాస్తా బయటపడింది. తేదీ మాట మరిచి, అందరూ ఆసుపత్రి వరండాకి చేరారు.

"మావాళ్ళు తొంభయ్యో ఏట కొబ్బరి చెట్టెక్కేరండి అన్నయ్యగారూ."

"మావాళ్ళు గోదారి ఈదేరండి చెల్లెమ్మా."

చివరికి బంగారయ్య కుర్చీ వేయించుకున్నాడు. "లోపాలు రెండు, కుటుంబాలు రెండు. చెరొకటి పుచ్చుకోండి. గొడవుండదు."

"ఆయ్," అన్నారిద్దరూ. తులసి పెళ్ళయ్యాక వాళ్ళు ఒక మాట మీదకి రావడం అదే మొదలు.

తులసి ఇద్దరి మధ్యకీ వచ్చింది. "చెరొకటి వద్దు నాన్నా," అంటే ఎవరికీ అర్థం కాలేదు. తనకి రెండూ కావాలనేంత ఆశేమిటని బంగారయ్య నొచ్చుకున్నాడు. రిపోర్టుతో వచ్చిన గాయత్రితో, ఇరుపక్షాలకీ సమ్మతమే, చెరొకటని రాసేయమన్నాడు.

"రాయడానికి లేదండి. రెండూ ఒకే పేట మీదున్నాయి. ఆ పెద్ద జబ్బు కాదు. పడిపోవడానికి కారణం వేరే వెతుకుదాం," అంది గాయత్రి.

తులసి పిల్లాడిని పొదివి పట్టుకుంది. ఎవరి పేటని సత్తెమ్మ అడిగింది. దానికి తల్లిదండ్రుల రక్తం కావాలంది గాయత్రి. గోవిందరాజులు గొంతు సవరించుకున్నాడు.

"రెండూ నావే అత్తయ్యా. ఇంటికి పోదాం."

సత్తెమ్మ కోడలి మొహం చూసింది. పిల్లాడిని అందుకుని భుజాన వేసుకుంది.

"అదేం న్యాయమే? పెద్దమనిషి ముందు ఒప్పుకున్నాం. ఒకటి మాదే."

ఆధార్‌లో ఆవిడ పుట్టిన తేదీ మాత్రం ఇప్పటికీ తప్పే.