పంపుకి నాడా

అతన్ని వర్క్‌షాపులో అందరూ స్క్రూలయ్య అంటారు. పంపు బాడీ మూతి మీద రబ్బరు పొర పరిచి, దాని మీద రేకు చట్రం పెట్టి, చుట్టూ ఎనిమిది స్క్రూలు బిగించడం అతని పని. పెళ్ళికి ముందూ అదే, తల నెరిశాకా అదే.

ఇందులో ఏడవాల్సింది పని గురించి కాదు, తోడల్లుడి గురించి. వయసులో చిన్న, అనుభవంలో ఇంకా చిన్న. అలాంటివాడు సూపర్‌వైజరు కుర్చీలో కూర్చుని, "అన్నయ్యా, ఆ మూడో పంపు కారుతోంది చూడు" అంటాడు. అన్నయ్య అన్న మాటలో అంత కారం ఉంటుందని స్క్రూలయ్యకి అప్పుడే తెలిసింది.

ఇలా ఉండగా యజమాని అందర్నీ పిలిచాడు. "స్క్రూలకి ఖర్చెక్కువ. పైగా కన్నాల దగ్గర రబ్బరు చిరిగి నీళ్ళు కారుతున్నాయి. చవగ్గా, ఊడకుండా పట్టే ఉపాయం ఎవరు చెప్తే వాళ్ళకి రెండో సూపర్‌వైజరు కుర్చీ" అన్నాడు.

ఇక చూస్కోండి! ఆలూ లేదు చూలూ లేదు, ఆ కుర్చీలో వేసుకునే దిండుకి ఏ రంగు బాగుంటుందో స్క్రూలయ్య తేల్చేసుకున్నాడు. ఉపాయం ఒక్కటే రాలేదు. జిగురు పెడితే ఊడింది. తీగ చుడితే రబ్బరు తెగింది. చివరికి పంపు బాడీని, రెండు రబ్బరు పొరల్ని సంచీలో వేసుకుని ఇంటికొచ్చాడు. ఇంట్లో భార్య ఉంది, ఆవిడకో కుట్టుమిషను ఉంది. దాన్ని ఇన్నేళ్ళూ చప్పుళ్ళ పెట్టె అని వెక్కిరించాడు గానీ, వదులైనదాన్ని బిగువుగా నిలబెట్టడం ఆవిడకి తెలుసని అతనికీ తెలుసు. ఒప్పుకోవడమే తెలీదు.

"ఏమిటిది?" అంది ఆవిడ.

"సీసా."

"ఇనప సీసానా?"

"కొత్త రకం. దీనికి రబ్బరు మూత ఊడకుండా కట్టాలి. నీవల్ల అవుతుందా అని తెచ్చా. అవదులే."

"మిషనాయిలు కంపు కొడుతోంది."

"ఆయిలు సీసా ఆయిలు కంపు కొట్టక అత్తరు వాసనేస్తుందా?"

ఆవిడ సీసాని వదిలేసి అతని మొహాన్ని కాసేపు చూసింది. "ఇప్పుడు దేంతో పట్టిస్తున్నారు?"

"ఎనిమిది స్క్రూలతో."

"బిగించేదెవరు?"

"ఎవరో ఒకరు."

"మరి స్క్రూలే లేకపోతే, ఆ ఎవరో ఒకరి పనేం కాను?"

"వాళ్ళ గొడవ నీకెందుకే? మూత సంగతి చూడు!"

"అలాగేనండీ" అంది.

ఆ అలాగే ఎంత మెత్తగా ఉందంటే, కాపురం తెలిసిన మగాడెవడైనా అక్కడికక్కడే సీసా వెనక్కి లాక్కునేవాడు. స్క్రూలయ్య పేపరు తిరగేస్తూ కూర్చున్నాడు.

ఆవిడ రబ్బరు అంచుని లంగా నడుము మడిచినట్టు మడిచి కుట్టింది. అందులో గట్టి తాడొకటి నాడాలా దూర్చింది. పంపు బాడీ మెడ చుట్టూ ఒక గాడి ఉంది. అదెందుకుందో ఇన్నేళ్ళలో ఎవరూ అడిగిన పాపాన పోలేదు. తడిచేత్తో రబ్బరు తొడిగి తాడు రెండు కొసలూ సమంగా లాగేసరికి, మడత వెళ్ళి ఆ గాడిలో కూర్చుంది. కుట్టు మూతికి బాగా దిగువన పడింది కాబట్టి నీళ్ళు కారే దారి లేదు. స్క్రూలయ్య బాడీని కాళ్ళ మధ్య ఇరికించుకుని పీకినా ఊడలేదు.

"బాగుందా?"

"పర్లేదు" అన్నాడు. ఆ నోటికి అంతకన్నా మంచి మాట రాదు. అలాంటిదే ఇంకో రబ్బరు కుట్టించుకుని వెళ్ళాడు.

యజమాని ఆ పంపుని పొద్దున్నించి సాయంత్రం దాకా తిప్పించాడు. చుక్క కారలేదు.

"ఎవరి ఉపాయమయ్యా?"

"నాదేనండీ. ఊరికే అలా తట్టింది."

అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. ఈయన ఆలి సొమ్ముకి ఎసరు పెట్టాడు.

"అయితే రెండోది మా ముందు బిగించు."

స్క్రూలయ్య రబ్బరు తొడిగి, తాడు ఒక కొస పట్టుకుని బలమంతా పెట్టి లాగాడు. రబ్బరు ఎగిరి తోడల్లుడి టీగ్లాసుకి తగిలింది. మళ్ళీ లాగాడు. ఈసారి యజమాని కళ్ళజోడు ఎగిరింది.

చొక్కా మీది టీ తుడుచుకుంటూ తోడల్లుడు, "అన్నయ్యా, ఆ కుట్టు మా వదినది. మా పిల్లల బట్టలన్నీ ఆ కుట్టే" అన్నాడు.

కబురు వెళ్ళింది. ఆవిడ మెళ్ళో టేపుతోనే వచ్చింది. మొగుడి వంక చూడకుండా రబ్బరు తడిపి, తొడిగి, బిగించింది.

"ఏదో కుర్చీ అన్నారటగా?" అంది యజమానితో.

"ఎవరు చెప్పారమ్మా?"

"మా చెల్లెలు. మీరన్న రోజే చెప్పింది."

స్క్రూలయ్య చటుక్కున తోడల్లుడి వైపు తిరిగాడు.

కుర్చీ ఆవిడకిచ్చారు. స్క్రూల బల్ల ఎత్తేశారు. దాని దగ్గర పనిచేసే నలుగురిలో ముగ్గుర్ని వెళ్ళిపొమ్మన్నారు. వాళ్ళలో స్క్రూలయ్యకి స్క్రూడ్రైవరు పట్టుకోవడం నేర్పిన పెద్దాయన తనదాన్ని తెచ్చి అతని చేతిలో పెట్టి, "ఇక నాకెందుకురా, నువ్వే ఉంచుకో" అని వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది. నాలుగోవాడైన స్క్రూలయ్యని తాడు దూర్చే పనికి ఆవిడే అడిగి ఉంచుకుంది.

ఇంటికొస్తూ దారిలో అడిగాడు. "నీకు ముందే తెలుసన్నమాట."

"ఆ ఎవరో ఒకరు మీరేనని నాకు తెలీదా?"

"చెప్పొచ్చుగా! కూర్చున్న కొమ్మ నరుక్కుంటుంటే చూస్తూ ఊరుకున్నావా?"

"అడిగాను. సీసా అన్నారు. ఒక్కసారి నిజం చెప్తే నేనే వద్దనేదాన్ని. మీకా పాటి బుద్ధి రావాలనే ఊరుకున్నాను." నాలుగడుగులు వేసి ఆగిపోయింది. "కొమ్మ మీద మీరొక్కరే ఉన్నారనుకున్నాను. ఇంకో ముగ్గురున్నారని ఇన్నేళ్ళలో ఒక్కనాడైనా నాతో అన్నారా? ఇంట్లో ఎప్పుడైనా నోరు విప్పారా?"

ఇల్లు చేరేదాకా ఇద్దరూ చెరో పక్కన నడిచారు.

మర్నాడు బల్ల దగ్గర అతను తాడు దూర్చి కొస అందుకున్నాడు. కుర్చీలోంచి ఆవిడ తలెత్తకుండానే అంది.

"ఒక్క పక్కే లాగకండి. రెండు కొసలూ పట్టుకోండి."

"అలాగేనండీ" అన్నాడు స్క్రూలయ్య.