చల్లటి భోజనానికి తాళం

ఉండమ్మలూ, ముందు బావగారి సంగతి రాసుకో, లేకపోతే మిగతాది ఎవరికీ అర్థం కాదు. మీ చిన్ననాన్నమ్మకు ఒక్కడే అన్న, బేకరీ నడిపేవాడు. ఒకసారి భోజనానికొచ్చి, గిన్నె మూత తీసి రుచి చూడబోతే, మీ చిన్నతాత "మా వంటింట్లో మీకేం పని?" అన్నాడు. అంతే, రెండేళ్లు ఆయన ఆ గడప తొక్కలేదు. ఎంతో బతిమాలితే, చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం వస్తానన్నాడు.

"ఈసారి మా అన్నయ్య మొహం మాడ్చుకుని వెళ్లాడంటే, వెనకాలే నేనూ వెళ్తాను," అని చిన్ననాన్నమ్మ పొద్దున్నే చెప్పేసింది. చెప్పిందంటే చేసే మనిషి.

ఎండలు మండిపోతున్నాయి కాబట్టి, ఆ పూట పొయ్యి వెలిగించకుండా అన్నీ చల్లటివే పెట్టాలని ఏర్పాటు. ఉడికించిన కోడిమాంసం, పెరుగు కలిపిన బంగాళాదుంపలు, పళ్లముక్కల్లోకి చిక్కటి పాలు, అన్నీ ముందురోజే ఫ్రిజ్‌లో చేరాయి. ఇక మిగిలింది కిర్రుమంటున్న వంటింటి ఫ్యాను.

చిన్నతాత కరెంటు పనివాడు. ఇంటి మెయిను స్విచ్చి ఆపి, దానికి తన తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, "మనిషి పనిచేస్తున్నాడు, ఎవరూ తాకరాదు" అన్న అట్ట తగిలిస్తే గానీ వైరు ముట్టుకోడు. ఫ్యాక్టరీలో అబ్బిన అలవాటు, ఇంట్లోనూ పోలేదు. ఆ రోజూ అలాగే తాళం వేసి ఫ్యానుకు నూనె పోశాడు, తాళం తీయకుండానే మరకలైన చొక్కా విప్పేసి స్నానానికి వెళ్లాడు. వచ్చేసరికి చొక్కా లేదు.

"లాండ్రీ ఆయనకి వేసేశాను," అంది చిన్ననాన్నమ్మ. "అన్నయ్య కళ్ల ముందు ఆ జిడ్డు చొక్కా వేలాడుతుంటే ఏం బాగుంటుంది?"

"జేబులో తాళంచెవి ఉంది."

"ఏ తాళంచెవి?"

చిన్నతాత వంటింటి గుమ్మం పక్కనున్న మెయిను వైపు వేలు చూపించాడు.

లాండ్రీ కొట్టుకు పరిగెడితే తలుపులు మూసున్నాయి. తాళం కోయబోతే రెండు బ్లేడ్లు విరిగాయి. ఎవరూ పగలగొట్టలేనిదని ఏరికోరి కొన్న తాళం మరి. కోసే మిషను దించాడు. దానికి కరెంటు కావాలి. పైవాటా పంతులమ్మగారింట్లోంచి వైరు లాగి నొక్కాడు. మేడ మొత్తానికీ ఫ్యూజు ఎగిరిపోయింది. అది కరెంటాఫీసు వాళ్లే వేయాలి. వాళ్లు ఫోనెత్తలేదు.

"బాబాయిగారూ, మా ఫ్రిజ్‌లో సరుకంతా పాడైపోతుంది, మీ చుట్టాలకి పెట్టేయండి," అని పంతులమ్మ రెండు గిన్నెలు తెచ్చింది. అది చూసి మిగతా వాటాల వాళ్లూ దిగారు. గిన్నెలతోపాటు మనుషులూ ఉండిపోయారు. పన్నెండయ్యేసరికి పాలు విరిగాయి, పెరుగు పులిసింది, ఇరవైమంది విసనకర్రల కోసం పాత పేపర్లు చింపుతున్నారు. చిన్నతాత నిచ్చెన మీద కూలబడ్డాడు. పెళ్లాం పుట్టింటికి వెళ్లిపోయాక ఒంటరిగా టీ ఎలా పెట్టుకోవాలో ఆలోచిస్తున్నాడు.

సరిగ్గా అప్పుడొచ్చాడు బావగారు. వంటింటి గుమ్మం దాకా వచ్చి, అట్ట చదివాడు.

"రెండేళ్లయినా మర్చిపోలేదన్నమాట. ఈసారి రాయించి మరీ కట్టావు బావా," అని చెప్పుల కోసం వెనక్కి తిరిగాడు. చిన్ననాన్నమ్మ చేతిసంచి తీసింది.

"బావగారూ, అది మీకు కాదు, నాకోసం రాసుకున్నది," అన్నాడు చిన్నతాత. "కరెంటు లేదు. తిండి పాడవుతోంది. మేడంతా మా ఇంట్లోనే ఉంది. నావల్ల కాదు. మీరే ఏదన్నా చేయండి."

"అంటే, వంటింట్లోకి నన్ను రమ్మంటావు."

"రమ్మనడం కాదు, కాళ్లు పట్టుకుంటున్నాను."

బావగారు చొక్కా విప్పి తలకు తువ్వాలు చుట్టాడు. ముప్పై ఏళ్లు బట్టీ ముందు నిలబడ్డ మనిషికి ఆ ఉక్క ఒక లెక్క కాదు. "పులిసిన పెరుగా? పారేయకండర్రా, పిండి దూదిలా పొంగుతుంది," అంటూ రొట్టెలు కాల్చాడు. మాంసం, దుంపలు, పంతులమ్మ గిన్నెలు అన్నీ పొయ్యెక్కాయి. ఆ ఎండలో, పొగలు కక్కే తిండి, మెట్ల మీద కూర్చుని చెమటలు కారుస్తూ తిన్నారు. ఒక్కరూ మిగల్చలేదు. చిన్ననాన్నమ్మ చేతిసంచి కింద పెట్టి మూడో రొట్టె అడిగింది.

సాయంత్రానికి చొక్కా దొరికింది, తాళం తెరుచుకుంది. బావగారు మాత్రం పొయ్యి దగ్గర్నుంచి కదల్లేదు. ఇప్పటికీ ప్రతి ఆదివారం పొద్దున్నే దిగుతాడు.

ఇక చాలమ్మలూ. వచ్చే ఆదివారం వెళ్లి దీన్ని మీ చిన్నతాతకు చదివి వినిపించు. వంటింట్లో వెతక్కు, బావగారు ఆయన్ని లోపలికి రానివ్వడం లేదు.