ఆలుగడ్డ చిప్స్‌కు తేమ శాతం

ఈ దేశంలో న్యాయం ఇంకా కొనఊపిరితో ఉందంటే, దానికి కారణం ఇంట్లో ఓవెన్‌లో కాల్చుకునే ఆలుగడ్డ చిప్సే! నవ్వకండి. నూనెలో వేస్తే క్షణాల్లో తేలే ముక్కల కోసం గంటసేపు ఓవెన్ అద్దం ముందు కాపలా కూర్చోవడమంటే మాటలా? మునులు అడవులకు పోయి సాధించిన ఓర్పును మన ఆడవాళ్లు వంటింట్లోనే, చేతులకు గ్లవుజులు తొడుక్కుని సాధిస్తున్నారు.

లాభాలు ఒకటా రెండా! మరిగే నూనె వాసన గోడ దాటదు కాబట్టి "ఏం చేస్తున్నరు వదినా?" అంటూ పక్కింటివాళ్లు రారు. కాస్త ఎక్కువ కాలి రాయైన ముక్కలు కొరికి జనం పరుగెత్తుతుంటే కోదాడలో పళ్ల డాక్టర్లు మేడ మీద మేడ వేస్తున్నారు. కరెంటు మీటరు సంతోషం పట్టలేక గిర్రున తిరుగుతోంది. పిల్లలు రెండోసారి పెట్టమని ప్రాణం తీయరు. ఇంత గొప్ప చిరుతిండి తెలియక, పాపం, మన పెద్దలు మిర్చి బజ్జీలు తిని బతుకు వెళ్లదీశారు!

నమ్మకం కుదరలేదా? అయితే మిర్యాలగూడ జనార్దన్ సంగతి వినండి.

జనార్దన్ ఒక రైస్ మిల్లులో వడ్లు చూసే మనిషి. ట్రాక్టర్ గేటు దగ్గరికి రాగానే గుప్పెడు వడ్లు తీసి, అరచేతిలో నలిపి, ఒక గింజ పంటి కింద వేసుకుని కొరుకుతాడు. తేమ కొలిచే మిషన్ లేకపోలేదు. కానీ ఆయన నోరు ఏమంటే మిషన్ కూడా అదే అంటుంది! "తేమున్నది" అన్నాడా, బండి వెనక్కి తిప్పుకుని మళ్లీ ఆరబెట్టుకోవాలి. లేదంటే తరుగు ఒప్పుకోవాలి, అంటే తూకంలోంచి బస్తాకిన్ని కిలోలు మిల్లుకు వదిలేసుకోవాలి. ఆ నోటికి ఎదురు చెప్పిన రైతు ఇంతవరకు లేడు.

అంతటి నోటికి డాక్టరు నూనె బంద్ పెట్టాడు. సూర్యాపేటలో టీచరుగా పనిచేస్తున్న కూతురు చరిత ఆ వారమే ఓవెన్ కొని పంపింది. సాయంత్రం ఏదో ఒకటి కరకర నమలనిదే జనార్దన్‌కు పొద్దుగూకదు. ఆ భారమంతా భార్య సువర్ణ మీద పడింది.

మొదటి ట్రే దిగింది. ఆయన ఒక ముక్క తీసి, వెలుతురుకు పట్టి చూసి, కొరికి, కళ్లు మూసుకున్నాడు.

"తేమున్నది."

"గంటసేపు కాలినదానికి తేమెక్కడిదయ్యా?"

"ఆరబెట్టాలె. రేపు సూద్దాం."

సువర్ణకు పంతం వచ్చింది. ముక్కలు పల్చగా కోసి, చన్నీళ్లలో నానబెట్టి, పిండి నీళ్లన్నీ పారబోసింది. పాత పంచె మీద పరిచి ఫ్యాన్ కింద ఆరబెట్టింది. ట్రేలో ఒకదాని మీద ఒకటి పడకుండా పేర్చింది. ముందే ఉప్పు వేస్తే నీరు ఊరుతుందని కనిపెట్టి, దించాకే చల్లింది. అయినా రోజుకో వంక! ఒకరోజు తేమ. ఒకరోజు రంగు మారింది. ఒకరోజు తాలు ఎక్కువట! ఆలుగడ్డలో గింజలేని తాలు ఉంటుందని మీరెప్పుడైనా విన్నారా? వంకలు పెడుతూనే ప్లేటు మాత్రం ఊడ్చేవాడు మహానుభావుడు.

ఇలా ఉండగా ఒకరోజు పొద్దున్నే నిడమనూరు నుంచి సువర్ణ తమ్ముడు లక్ష్మయ్య వడ్ల ట్రాక్టరుతో మిల్లుకు వచ్చాడు. బావ గింజ కొరికాడు. కాసేపటికి అక్కకు ఫోన్ వచ్చింది.

"అక్కా, బావ తేమున్నది అంటుండు! వారం దినాలు ఎండిన వడ్లు. గీడ జూస్తే మొగులైంది. వానొస్తే మొలకలొస్తయి, నా కష్టమంత ఖతం. జర నువ్వన్న చెప్పు."

సువర్ణ వెంటనే భర్తకు ఫోన్ చేసి బతిమాలింది.

"చుట్టరికం చుట్టరికమే, తేమ తేమనే," అని పెట్టేశాడు జనార్దన్. ఎంత నిక్కచ్చి మనిషో చూశారా!

ఆ సాయంత్రం దిగిన ట్రే లాంటిది ఆ ఇంట్లో అంతకుముందు దిగలేదు. అంచులు ఎర్రగా కాలి, కారం, జీలకర్ర పొడి పట్టి ఘుమఘుమలాడుతున్నాయి చిప్స్. జనార్దన్ చెయ్యి చాచాడు. సువర్ణ ప్లేటు వెనక్కి లాగి, తానే ఒక ముక్క వెలుతురుకు పట్టి చూసి కొరికింది. కరకర వాకిలి దాకా వినిపించింది.

"తేమున్నది."

"ఏందే! గంత కరకరమంటే?"

"నా నోటికి తెల్సింది. గావాల్నంటే తరుగు తీసి పెడ్త." గుప్పెడు తీసి డబ్బాలో వేసింది. రంగు మారిందని ఇంకో గుప్పెడు. తాలని మరో గుప్పెడు.

"గిది అన్యాయం సువర్ణా! నోటికాడి కూడు గుంజుకుంటవా?"

"అన్యాయమా? పొద్దుగాల నా తమ్ముని కోసం బతిమాలితే నువ్వేమన్నవ్? వానిది నోటికాడి కూడు గాదా?" సువర్ణకు కోపంతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

బయట ఉరిమింది. జనార్దన్ ఆమె ముఖం చూశాడు, డబ్బా చూశాడు. రెంటిలో ఏది పనిచేసిందో చెప్పలేం గానీ ఫోన్ తీశాడు.

"నిడమనూరు బండి లోపలికి తోలుండ్రి. ఆఁ, ఎండినయే. తరుగు గిరుగు ఏం వద్దు. నేను మళ్ల సూసిన."

ఎక్కడ చూశాడో మనం అడగకూడదు! కదలకుండా, మెదలకుండా, ఒక్క ఎండపొడ తగలకుండా, నిలబడ్డ చోటనే బండెడు వడ్లు ఎండిపోయాయి. ఇంత పనిచేసే ఓవెన్‌ను మెచ్చుకోకుండా ఎలా ఉంటాం?

వాన దిగేసరికి లక్ష్మయ్య వడ్లు మిల్లు రేకుల కింద భద్రంగా ఉన్నాయి. జనార్దన్ ముందు ప్లేటు నిండుగా ఉంది. లక్ష్మయ్య వెనక రోడ్డు పొడుగునా బారుతీరిన ట్రాక్టర్లవాళ్లు మాత్రం చిరిగిన టార్పాలిన్ పట్టాలు పట్టుకుని తడుస్తూ నిలబడ్డారు. వాళ్ల వడ్లూ ఆ ఎండకే ఎండాయి. కాకపోతే వడ్లు చూసేవాడి ఇంట్లో వాళ్లకు అక్కలు లేరు. వాళ్ల వడ్లలోనూ తేమ ఉందని జనార్దన్ పొద్దున్నే చెప్పాడు. ఇప్పుడు నిజంగానే ఉంది.