రెండో చిలుక

ఆ ఆదివారం ఉదయం కళ్లజోళ్లాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ బల్ల దగ్గర, భార్య చూస్తుండగా, బావగారి నోరు ఒక్కసారి మూయించాలి. ఆ తరవాత ఎప్పటిలాగే బతకవచ్చు.

ఆయనకు బజారులో కళ్లజోళ్ల దుకాణం ఉంది. మనిషి నెమ్మదస్థుడు. పరీక్షకు వచ్చినవాళ్లు గోడమీది అక్షరాలు తప్పు చదివితే, "పరవాలేదండీ, చాలామంది అలాగే చదువుతారు," అని సర్దిచెప్పే రకం. ఆ బావగారు ఆయన భార్యకు అన్నగారు. బంధువులంతా ఆయన్ని సర్వస్వం అని పిలుస్తారు. గత ముప్ఫై నలభై ఏళ్లలో సినిమా అనీ, సీరియల్ అనీ, పాట అనీ, ప్రకటన అనీ ఏది వచ్చినా దాని వెనక కథ ఆయన దగ్గర ఉంటుంది. ఫలానా సబ్బు ప్రకటనలో నవ్విన పాపకు అప్పటికి ముందు పన్ను లేదనీ, తెల్ల అట్టముక్క కత్తిరించి పెట్టారనీ చెబుతాడు. ఫలానా వాన పాటకు నిజంగానే వాన కురిసిందనీ, అది సహజంగా లేదని దర్శకుడు మళ్లీ పంపు నీళ్లతో తీశాడనీ చెబుతాడు.

ప్రతి ఆదివారం సర్వస్వం చెల్లెలి ఇంటికి వచ్చి, కాఫీ తాగుతూ బావగారికి ఒక ప్రశ్న వేస్తాడు. కళ్లజోళ్లాయనకు జవాబు తెలియదు. కాసేపు ఆగి సర్వస్వమే చెబుతాడు. అప్పుడు చెల్లెలు అన్నయ్య వైపు గర్వంగానూ, భర్త వైపు జాలిగానూ చూస్తుంది. ఓడిపోవడం కళ్లజోళ్లాయనకు అలవాటైపోయింది కాని ఆ రెండో చూపు మాత్రం పెళ్లినాటినుంచీ అలవాటు కాలేదు.

"బావగారూ, ఇవాళ ప్రశ్న నేనడుగుతాను," అన్నాడు ఆయన, రొట్టెకు వెన్న రాస్తూ.

సర్వస్వం కప్పు కింద పెట్టాడు. "అడగండి."

"చిలక డిటెక్టివ్ సీరియల్ గుర్తుందిగా."

అది గుర్తులేనివాళ్లు ఎవరూ లేరు. ఒకప్పుడు ఆ సీరియల్ వచ్చే వేళకు వీధులు ఖాళీ అయిపోయేవి. డిటెక్టివ్ భుజం మీద ఒక చిలుక కూర్చునేది. ఎవడైనా బొంకగానే "అబద్ధం, అబద్ధం" అని అరిచేది.

"అందులో చిలక ఒకటి కాదు, రెండు. సగంలో మొదటిదానికి గొంతు పోయింది. రెండోదాన్ని తెచ్చారు. అదేమో కాస్త పసుపుగా ఉంటే ఆకుపచ్చ రంగు పూసి లాక్కొచ్చారు. ఈ సంగతి మీకు తెలుసా?"

తెలిసే వీలు లేదు. ముందురోజు దుకాణంలో అద్దాలు తుడుస్తూ ఆయనే దాన్ని అల్లాడు.

సర్వస్వం కిటికీ వైపు చూశాడు. పెరటి గోడ మీద కూర్చున్న కాకి వైపు చూశాడు. తరవాత ప్రశాంతంగా కాఫీ అందుకున్నాడు.

"తెలియకేం. రెండోదాని పేరు మరకతం."

కళ్లజోళ్లాయన చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. "పేరు కూడా ఉందా?"

"పేరు లేకపోతే ఏమని పిలుస్తారు బావగారూ."

భార్య గర్వంగా ఒకసారి, జాలిగా ఒకసారి చూసింది. బావగారు బొంకుతున్నాడని చెప్పాలంటే, ముందు బొంకింది తానేనని ఒప్పుకోవాలి. దానికి భార్య ఎలా చూస్తుందో ఆయన ఊహించుకోలేకపోయాడు. పైగా బావగారి గొంతులో ఎక్కడా తొట్రుపాటు లేదు. ఒకవేళ తాను అల్లాననుకున్నది ఎప్పుడో ఎక్కడో విన్నదేనేమోనని ఆయనకే అనుమానం మొదలైంది.

ఈ సంభాషణంతా బల్ల చివర కూర్చున్న వాళ్ల కూతురు శ్రద్ధగా విన్నది. ఆ అమ్మాయి ఊళ్లోని చిన్న రేడియో స్టేషన్లో ఉదయం పూట పాతకాలం సినిమా కబుర్లు చెబుతుంది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఏ విషయమైనా ఇద్దరు చెబితేనే గాలిలోకి వదలాలని స్టేషన్ మేనేజరు పెట్టిన నియమం.

"నాన్న ఒకరు, మామయ్య ఒకరు. ఇద్దరయ్యారు," అంది ఆ పిల్ల సంతోషంగా.

మర్నాడు కళ్లజోళ్లాయన దుకాణం తలుపు ఎత్తుతుండగా, పక్కన బూట్లు కుట్టే దుకాణంలో రేడియో మోగుతోంది. కూతురి గొంతు మరకతం గురించి చెబుతోంది. ఆయన తలుపు సగంలో వదిలేసి అక్కడే నిలబడ్డాడు. వెంటనే శ్రోతల ఫోన్లు మొదలయ్యాయి. సీరియల్ సగం నుంచి చిలుక ముక్కు వంకరగా ఉండేదని, అప్పుడే తనకు అనుమానం వచ్చిందని ఒకాయన అన్నాడు. షూటింగు అయ్యాక మరకతాన్ని తమ పిన్నిగారి పక్కింటివాళ్లు పెంచుకున్నారని, అది చనిపోయేదాకా పసుపు రంగులోనే ఉందని ఒకావిడ గద్గద స్వరంతో చెప్పింది.

ఆ మధ్యాహ్నం పరీక్షకు వచ్చిన పెద్దాయన గోడమీది చివరి వరుస చదవడం మానేసి, "మీ అమ్మాయి ఒక్క ముక్క తప్పు చెప్పిందండీ. రంగు పూయలేదు. పొడి చల్లారు," అన్నాడు.

"మీరు చూశారా?"

"చూడకుండా చెబుతానా."

కళ్లజోళ్లాయన అద్దం మార్చి, "ఇప్పుడెలా ఉంది?" అని మాత్రం అడిగాడు.

ఇంటికి వచ్చి భార్యకు నిజం చెప్పేశాడు. ఆవిడ కూర తరుగుతూ విన్నది. "మీరు అల్లారంటే నమ్ముతాను. కాని మా అన్నయ్య పేరుతో సహా చెప్పాడు కదా. మీరు అల్లింది నిజమైపోయి ఉంటుంది," అంది. దాంతో ఆయన స్టేషన్లో ఉన్న కూతురికి ఫోన్ చేశాడు. ఆయన నోరు విప్పేలోపలే ఆ అమ్మాయి అందుకుంది.

"నాన్నా, ఇన్ని ఫోన్లు ఎప్పుడూ రాలేదట. శనివారం మధ్యాహ్నం స్టేషన్ హాల్లో క్విజ్ పెడుతున్నాం. గెలిచిన జట్టుకి టీవీ. చివరి ప్రశ్న మరకతం మీదే. బాగా జరిగితే నా ఉద్యోగం ఖాయం చేస్తానని మేనేజరు అన్నారు. నువ్వూ మామయ్యా వేదిక మీద కూర్చోవాలి. ఇంతకీ ఫోన్ ఎందుకు చేశావు?"

"ఊరికే," అన్నాడు ఆయన.

ఇక మిగిలింది బావగారు. కళ్లజోళ్లాయన మర్నాడు దుకాణం మూశాక ఆయన ఇంటికి వెళ్లి, "మరకతం సంగతి మీరు ఎక్కడ చదివారు?" అని మెల్లగా అడిగాడు.

"ఒక పత్రికలో. అది ఇప్పుడు దొరకదు," అన్నాడు సర్వస్వం. తరవాత గొంతు తగ్గించి, "మీరెక్కడ చదివారు?" అన్నాడు.

"నేనూ అందులోనే అనుకుంటా."

ఆ మాటతో ఇద్దరూ లేచారు.

శనివారం హాలు నిండిపోయింది. వేదిక వెనక ఒక పెద్ద పసుపు చిలుక బొమ్మ కట్టారు. మేనేజరు సర్వస్వానికి న్యాయనిర్ణేత అని రాసిన కార్డూ, కళ్లజోళ్లాయనకు గౌరవ అతిథి అని రాసిన కార్డూ జేబుకు తగిలించాడు. పోటీ సాగి సాగి చివరికి రెండు జట్లు సమానంగా నిలిచాయి. ఒకటి బ్యాంకు ఉద్యోగులది, రెండోది ఒక పళ్ల డాక్టరమ్మా ఆవిడ చెల్లెలూ కలిసి కట్టినది.

"ఆఖరి ప్రశ్న. చిలక డిటెక్టివ్ సీరియల్లో రెండో చిలక పేరేమిటి?" అని కూతురు అడిగింది.

ముందు గంట కొట్టింది డాక్టరమ్మ. "రెండో చిలక లేదు," అంది. "మొదటి భాగం నుంచి ఆఖరిదాకా ఒకటే. దాని ముక్కు మీద ఎడమ పక్క చిన్న పగులు ఉంటుంది. నేను చదువుకునే రోజుల్లో దాన్నే చూస్తూ కూర్చునేదాన్ని. అది అతికించవచ్చా లేదా అని."

హాలంతా నవ్వింది. ఎవరో ఈల వేశారు. బ్యాంకు జట్టు "మరకతం" అనగానే చప్పట్లు మోగాయి. డాక్టరమ్మ ముఖం కందిపోయింది. చెల్లెలితో, "ఇంటికి పోదాం పద," అనడం కళ్లజోళ్లాయనకు స్పష్టంగా వినిపించింది.

తన దుకాణంలో సరిగా చదివినవాళ్లను ఆయన ఏనాడూ తప్పు పట్టలేదు. ఆ ఒక్క సంగతీ ఆయన్ని కుర్చీలోంచి లేపింది. మైకు దగ్గరికి వెళ్లి, "ఆవిడ చెప్పిందే నిజమండీ. రెండో చిలక లేదు. అది నేను కల్పించాను," అన్నాడు.

వెనక వరుసలోంచి ఒకరు సీరియల్లో చిలుక గొంతుతో, "అబద్ధం, అబద్ధం," అన్నారు. హాలు హాలంతా అందుకుంది. పొడి చల్లారన్న పెద్దాయన నిలబడి, "మనుషులు ఇలా మాట మార్చబట్టే చరిత్ర మిగలడం లేదు," అని బాధపడ్డాడు. మేనేజరు చెమట తుడుచుకుని సర్వస్వం వైపు తిరిగాడు.

"మీరు న్యాయనిర్ణేత. మీరే తేల్చండి. మరకతం ఉందా, లేదా?"

సర్వస్వం లేచాడు. ముందు వరుసలో చెల్లెలు గర్వంగా చూడటానికి సిద్ధంగా ఉంది. ఆయన బావగారి వైపు చూశాడు. చేతులు కట్టుకుని నిలబడ్డ మేనగోడలి వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"నాకు తెలియదు," అన్నాడు.

ఆయన నోట ఆ మాట చెల్లెలు పుట్టి బుద్ధెరిగి వినలేదు. ఆవిడకు ఎటు చూడాలో తెలియలేదు. మేనగోడలు మాత్రం టీవీ డాక్టరమ్మకే అని ప్రకటించి, మేనేజరు ముఖం చూడకుండా వేదిక దిగిపోయింది.

ఆదివారం ఉదయం ఆ అమ్మాయి రేడియోలో తప్పు దిద్దుకుంది. మరకతం అనే చిలుక లేదని, ఉన్నట్టు చెప్పింది తన తండ్రేనని, శ్రోతలు క్షమించాలని అంది. ఇదే తన చివరి కార్యక్రమం కావచ్చని కూడా అంది. ఇంట్లో ముగ్గురూ కాఫీ ముట్టుకోకుండా విన్నారు. కళ్లజోళ్లాయన తల వంచుకున్నాడు. పాట వచ్చింది. పాట తరవాత మరో పాట. ఆ పైన ఫోన్ మోగింది.

"నాన్నా, లైన్లు ఖాళీ లేవు," అంది కూతురు. "మరకతాన్ని కళ్లారా చూశామని జనం పోట్లాడుతున్నారు. లేదనడానికి నేనెవరని అడుగుతున్నారు. మొదటి రోజుకంటే ఎక్కువ ఫోన్లట. మేనేజరు నా ఉద్యోగం ఖాయం చేశారు. వచ్చేవారం కూడా ఏదైనా ఒకటి దిద్దుకోమన్నారు."

కళ్లజోళ్లాయన ఫోన్ పెట్టేసి, ఆ కబురు ఇద్దరికీ చెప్పాడు. భార్య కాఫీ మళ్లీ వేడిచేసి తెచ్చింది. సర్వస్వం కప్పు అందుకున్నాడు కాని తాగలేదు.

"బావగారూ, మీరు అంతమంది ముందు ఒప్పుకున్నారు. నేను ఇంట్లోనైనా ఒప్పుకోవాలి," అన్నాడు. "ఇన్నేళ్లుగా ఈ బల్ల దగ్గర నేను చెప్పినవాటిలో సగం కల్పించినవే."

భార్య చక్కెర కలుపుతున్న చెంచా ఆగిపోయింది. కళ్లజోళ్లాయనకు తాను ఓడిపోయిన ఆదివారాలన్నీ ఒక్కసారిగా కళ్లముందు తిరిగాయి. కోపం వస్తుందేమోనని కాసేపు ఎదురుచూశాడు. రాలేదు. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఏ సగం?" అని అడిగాడు.

సర్వస్వం చాలాసేపు ఆలోచించాడు.

"అదే తెలియడం లేదు," అన్నాడు.