చైనా సినిమాలో ప్రెసిడెంటు గారు

"ఏమే హైమా, మీ ఆయన మన ప్రెసిడెంటు మల్లికార్జునరావుని చైనా సినిమాలో పెట్టి తిట్టాడంటగా!" అని ఎదురింటి శేషమ్మత్త పాలు పోయించుకునేచోట అన్నదట. ఆ మాట హైమావతి ఇంట్లోకి మోసుకొచ్చేసరికి ఆమె మొగుడు శశికాంత్ కాలేజీలో పాఠాలు చెప్పటానికి పోదామని ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటున్నాడు. చెయ్యి బొత్తాం మీదే ఆగిపోయింది.

ముందురోజు సాయంత్రం పంచాయతీ ఆఫీసు మేడమీద తెరకట్టి ఆ సినిమా వేసింది అతనే. అందులో ఒక గ్రామపెద్ద కుర్చీ ఊగుతూ ఉంటుంది. ఊరివాళ్ళు నోరెత్తకుండా దానికింద ఇటుకముక్కలు సర్దుతూ ఉంటారు. అంతే కథ. అక్కడితో ఊరుకుంటే పోయేది. పాఠాలు చెప్పే నోరాయె! "చైనావాళ్ళు సర్కారుని పైకి ఏమీ అనలేరు. అందుకని దాచి చెబుతారు. కుర్చీ అంటే ఉత్త కుర్చీ కాదు, అసలర్థం మీరే పట్టుకోవాలి" అన్నాడు మైకులో.

పెళ్ళిపత్రికలో పేర్ల వరస చూసి ఎవరు ఏ పార్టీలోకి మారబోతున్నారో చెప్పే ఊరది. ఫ్లెక్సీలో ఫొటో కాస్త చిన్నదైందని, వేయించినవాడి చెయ్యి విరిచిన ఊరు. వాళ్ళకి పట్టుకోమని వేరే చెప్పాలా?

శశికాంత్ సగం బొత్తాలతోనే వీధిలోకి ఉరికాడు. "అత్తా, నీకు దణ్ణం పెడతా. ఆ సినిమాలో ఉన్నది ఆయన కాదని నలుగురికీ చెప్పు. నా కాళ్ళు విరగ్గొడతారు."

"ఆయన కాదా? అట్టా అయితే చెప్తాలే!" అన్నది శేషమ్మ. చెప్పింది కూడా. ఇప్పటాయన కాకపోతే ఇక పాత ప్రెసిడెంటు హనుమంతరావేగా అని ఊరు తేల్చేసింది.

ఇడ్లీ ముక్క గొంతు దిగకముందే వాకిట్లో బండ్లు ఆగాయి. ఎన్నికలైనప్పటినుంచి ఒకే గడప తొక్కని ఆ ప్రెసిడెంట్లిద్దరూ, మనుషుల్ని వెంటేసుకుని ఒకేసారి దిగారు. హైమావతి చప్పుడు కాకుండా పెరటి తలుపు గడియ తీసిపెట్టింది.

"ఏందయ్యా మాష్టారూ, ఆ పెద్దమనిషిని నేనంటగా?" అన్నాడు మల్లికార్జునరావు.

"నువ్వు కాదంట, నేనంట!" అని హనుమంతరావు ఎగిరాడు.

"అది చైనా సంగతండీ... మన ఊరి గురించి కాదు..."

"దాచి చెబుతారని మైకులో అన్నది నువ్వేగా! ఇప్పుడు చైనా అంటే నమ్మటానికి మేం ఎర్రోళ్ళమా?" అన్నారు ఇద్దరూ.

శశికాంత్ చేతులు జోడించాడు. "నా బిడ్డమీద ఒట్టు! ఆ సినిమాలో మీరిద్దరూ లేరు!"

నాయకులిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. అప్పటిదాకా శశికాంత్ ఒక్కడి మొహంలోనే ఉన్న భయం ఇప్పుడు వాళ్ళ మొహాల్లోకీ పాకింది. మల్లికార్జునరావు వెనక్కి తిరిగి, తన మనుషుల్నీ హనుమంతరావు మనుషుల్నీ ఒక్కొక్కరినే చూసుకుంటూ వచ్చాడు.

"అయితే మా ఇద్దర్నీ కాదని లేచిన ఆ మూడోవాడెవడ్రా ఈ ఊళ్ళో?"