నారింజ పక్కన బూడిద

పైడిమెట్ట మున్సిపాలిటీలో మనిషి పోతే, పదకొండో రోజులోగా ఆ మనిషి రంగును కూడా ఆఫీసుకు అప్పగించాలి. పుట్టినప్పుడు పేరుతో పాటు రిజిస్టరులో రాసే రంగు అది. వీధిలో ఒక రంగు ఒకరికే రాస్తారు. మనిషి పోగానే ఆ వీధిలో ఆ రంగు ఎక్కడ ఉన్నా గుమాస్తా వచ్చి తడిగుడ్డతో తుడిచి, సీసాలోకి పిండి, మూతకు లక్క సీలు వేసి తీసుకుపోతాడు. తుడిచిన చోట బూడిదరంగు మిగులుతుంది. ఆకాశం మున్సిపాలిటీ పరిధిలోకి రాదు కనుక దాని జోలికి పోరు.

డ్రాయింగు మాస్టారు కలిశెట్టి సూర్యం భార్య వరహాలమ్మది నీలం. ఆవిడ పోయిన తొమ్మిదో రోజు ఉదయం గుమాస్తా పోలినాయుడు సీసాలతో వచ్చాడు. మూడు నేతచీరలు, వంటింటి కిటికీ రెక్కలు, మాస్టారి తెల్లచొక్కాలకు ఆవిడ పెట్టిన నీలిమందు ఛాయ, అన్నీ మధ్యాహ్నానికి పూర్తయ్యాయి. చివరికి ముందుగదిలో బొమ్మ దగ్గర ఆగాడు. నీలంచీరలో వరహాలమ్మ పెసలు చెరుగుతున్న బొమ్మ.

"ఇదొక్కటీ ఉంచకూడదా నాయుడూ?" అన్నారు మాస్టారు.

"ఉంచితే నా ఉజ్జోగం పోద్ది మాస్టారూ. మొహం ముట్టుకోన్లెండి. సీరొక్కటే."

చీర బూడిదైంది. దాంతో ఆవిడ కూడా బొమ్మలో వెనకున్న గోడలోకి జరిగిపోయినట్టయింది. ఇంట్లో ఆవిడ ఫోటో ఒక్కటీ లేదు. బొమ్మలు వేసే మనిషి ఉండగా ఫోటో ఎందుకని తీయించలేదు.

ముప్పై ఏళ్లుగా ఎనిమిదో తరగతికి ఆయన చెప్పే పాఠం ఒకటుంది. ఏ రంగూ ఒంటరిగా ఉండదు, పక్కనున్నదాన్ని బట్టి ఉంటుంది. బూడిదకాగితం ముక్కను నారింజ మీద పెడితే నీలంగా కనిపిస్తుంది. పిల్లలు దాన్ని పరీక్షలో రాసి మరిచిపోయేవారు. పెద్దకర్మ అయిన మర్నాడు ఆయన బొమ్మలోని గోడనంతా నారింజతో నింపడం మొదలుపెట్టారు. రెండు రంగుల వెలుగూ సమానంగా కుదరాలి. మూడు పూతలు పట్టింది. మూడోది ఆరుతుండగా చీర నీలమైంది.

ఎవరో ఫిర్యాదు చేశారు. రంగుల అధికారిణి వచ్చి, అట్టముక్కకు చిన్న రంధ్రం చేసి, అందులోంచి చీరను చూసింది. బూడిద. అట్ట తీసి చూసింది. నీలం. నాలుగుసార్లు అలాగే చూసింది.

"రంగు లేదు, కానీ కనిపిస్తోంది. కనిపించడం మీద రూలేమీ లేదు. ఉంచుకోండి," అంది.

మాస్టారు చేతులు జోడించారు.

"కాకపోతే ఈ నారింజ ఎవరిదో చూసుకోవాలి," అంటూ ఆమె రిజిస్టరు తిప్పింది. "గేదెల అప్పలసూరి, డెబ్బై తొమ్మిదేళ్లు. ఆయన ఉన్నన్నాళ్లూ మీకు ఇబ్బంది లేదు."

అప్పలసూరిది నాలుగో ఇల్లు. ఉబ్బసం, పైగా చుట్ట. మర్నాటి నుంచి మాస్టారు బడికి పోయే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి ఆయన గుమ్మం ఎక్కసాగారు. కషాయం కాచి తీసుకెళ్లేవారు. వాన పడితే క్లాసు మధ్యలో పిల్లలకు ఏదో బొమ్మ గీయమని చెప్పి, గొడుగేసుకుని వచ్చి, తొంగి చూసి పోయేవారు.

"ఏటి మాస్టారూ, మా ముసిల్ది బతికున్నప్పుడు కూడా నన్నిన్నిసార్లు అడగలేదు. నా దగ్గు మీద నీకేటంత పేమ?" అన్నాడు అప్పలసూరి.

"ఊపిరి ఎలా ఉంది?"

"వస్తంది, పోతంది. నీకేది కావాలి?"

"రెండూ," అన్నారు మాస్టారు.

భార్య పోయాక మాస్టారికి దయ పెరిగిందని వీధి వీధంతా అనుకుంది. ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు బొమ్మ చూడడానికి వచ్చి, తమ బూడిద పక్కన ఏ రంగు వేయాలో అడిగి వెళ్లేవారు. ఆయన అందరికీ విసుక్కోకుండా చెప్పారు. ఆ ఏడు పైడిమెట్టలో ఇరుగుపొరుగు పరామర్శలు మూడింతలయ్యాయని మున్సిపాలిటీ నోటీసుబోర్డులో పెట్టింది.

మాఘంలో మాస్టారికి జ్వరం వచ్చింది. రెండో రోజుకు తగ్గింది కానీ, మంచం దిగాలని ఆయనకు అంతగా అనిపించలేదు. మూడో రోజు పొద్దున్నే తలుపు చప్పుడైంది. వీధి చివరింటి గౌరీశ్వరి, గ్లాసుతో జావ. అంతకు ముందు ఏడాది ఆరేళ్ల కూతుర్ని పోగొట్టుకున్న మనిషి. ఆ పాపది ఎరుపు.

"ఆయాసం ఏటైనా ఉందా మాస్టారూ?"

"లేదమ్మా."

"గుండెల్లో నొప్పి?"

"లేదు."

నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. ఆ గోళ్ల సందుల్లో ఆకుపచ్చ రంగు ఎండి ఉంది. ఎరుపు కావాలంటే బూడిద పక్కన ఆకుపచ్చ వేయమని ఆమెకు చెప్పింది ఆయనే. ఆ వీధిలో ఆకుపచ్చ ఆయన పేరు మీదే ఉంది.

"యేళకి తినండి. రేపూ వస్తాను. మీరు జాగర్తగా ఉండాల," అంది గౌరీశ్వరి.

"ఎన్నాళ్లమ్మా?"

"అదేం మాట మాస్టారూ?" అంటూ ఆమె గ్లాసు ఆయన చేతికిచ్చి, ఖాళీ అయ్యేదాకా కదలకుండా నిలబడింది. జావలో ఉప్పు లేదు. ఆయన మొత్తం తాగేశారు.